పదిహేడో నంబరు కవరు

కరోనా తగ్గాక వచ్చిన రెండో వానాకాలం అది. ఆషాఢం మొదటి వారంలో మా కార్యదర్శి గారు నన్ను పిలిచి, సూరత్ వెళ్లి సైన్స్ ఫిక్షన్ కథా పురస్కారానికి తుది జ్యూరీ సమావేశం జరిపించి రమ్మని ఉత్తర్వు చేతికిచ్చారు. అప్పటికి నేను హైదరాబాదులోని ఒక సాహిత్య సంస్థలో పురస్కారాల విభాగానికి సహాయ కార్యదర్శిని. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. సంస్థ పేరు రాయను. ఈ జ్ఞాపకంలోని మనుషుల పేర్లు కూడా మార్చాను. వాళ్ల మాటలు మాత్రం నాకు గుర్తున్నంతవరకు మార్చలేదు.

తెలుగు కథల బహుమతికి సూరత్ ఎందుకని అప్పట్లో చాలామంది అడిగారు. ఈ పురస్కారం పెట్టింది సూరత్‌లో స్థిరపడిన ఒక తెలంగాణ నేతపనివారి కుటుంబం. ఇంటిపెద్ద చిన్నప్పుడు మగ్గం పక్కన కూర్చుని, గ్రహాల మీద మనుషులుండే కథలు చదివేవాడట. ఆయన రెండే షరతులు పెట్టాడు. తుది సమావేశం సూరత్‌లోనే జరగాలి. జ్యూరీలోని ముగ్గురిలో ఒకరు ఆ ఊళ్లో మరమగ్గాల మీద బతికే మామూలు పాఠకుడై ఉండాలి. రెండో షరతు విని మా ఆఫీసులో కొందరు పెదవి విరిచారు. నేను కూడా విరిచానని ఒప్పుకోవాలి.

బహుమతి ఎలా నిర్ణయిస్తారని ఇప్పటికీ పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో నన్ను అడుగుతూ ఉంటారు. ముందే అనుకుని ఇస్తారు కదా అని కన్ను గీటే వాళ్లూ ఉన్నారు. మా పద్ధతి చెబుతాను. కథ ఆఫీసుకు చేరగానే చేసే మొదటి పని రాసినవాళ్ల పేరు తీసేయడం. పేరూ చిరునామా ఉన్న కాగితాన్ని వేరే కవరులో పెట్టి, కథకూ కవరుకూ ఒకే నంబరు వేసి, కవరును లక్కతో సీలు చేస్తాం. ఈ పని గుమాస్తాలకు అప్పగించడం నాకు ఇష్టం ఉండేది కాదు. లక్క కరిగించి నేనే వేసేదాన్ని. అందుకే నన్ను వెనకాల ‘సీలు విజయ’ అనేవారు. అది నాకు తెలుసు, లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

తరువాత వడపోత. కొందరు పాఠకులు వచ్చిన కథలన్నీ చదివి పన్నెండింటిని తుది జాబితాకు పంపుతారు. జ్యూరీ సభ్యులు వాటిని నెల రోజులు ఇంటి దగ్గర చదివి, పదికి మార్కులు వేసి, పక్క గడిలో అభిప్రాయం రాసుకుని వస్తారు. ఫలితం వచ్చేదాకా జ్యూరీలో ఎవరున్నారో బయట ఎవరికీ తెలియకూడదు, ఇంట్లోవాళ్లకు కూడా. సమావేశం రెండు రోజులు. మొదటి రోజు ఒక్కొక్కరూ తమ మొదటి ఎంపిక చెబుతారు. రెండో రోజు చర్చించి ఓటు వేస్తారు. ఓట్లు సమానమైతే మార్కులు కలిపి చూస్తాం. కథ రాసింది తన బంధువో శిష్యుడో అని సభ్యుడికి అనిపిస్తే, ఆ కథ మీద చర్చ జరిగేటప్పుడు గదిలోంచి వెళ్లిపోవాలి. ఆ కథ తుది పోటీలో ఉంటే అతని ఓటు, మార్కులు దేనికీ లెక్కలోకి రావు. మా వాడుకలో దీన్ని ‘లేవడం’ అంటాం. ఫలానా కథకు ఫలానా సారు లేచారు అని ఫైల్లో రాసుకుంటాం.

సంతకాలన్నీ అయ్యాకే కవర్లు తెరవాలి. ఇది మా నియమావళిలో పదకొండో నియమం. నా దృష్టిలో మిగతా నియమాలన్నీ దాని తరువాతే.

సూరత్‌లో దిగేసరికి సన్నగా వాన పడుతోంది. సమావేశానికి లింబాయత్‌లో ఒక మరమగ్గాల కార్ఖానా పై అంతస్తు ఇచ్చారు. కింద మగ్గాలు ఆడుతుంటే పైన గచ్చు సన్నగా వణుకుతూ ఉంటుంది. గ్లాసులో నీళ్లు పోసి బల్ల మీద పెడితే నీటి మీద చిన్న చిన్న వలయాలు పుట్టి ఆగకుండా తిరుగుతాయి. కాసేపటికి ఆ చప్పుడు చెవికి తెలియడం మానేస్తుంది. కిటికీలోంచి తడిసిన రేకుల కప్పులు, వాటి వెనక బూడిదరంగు ఆకాశం, వాన మధ్యలో ఎండ. కింద వీధిలో ఎవరో తెలుగులో బేరమాడుతున్నారు, బదులు గుజరాతీలో వస్తోంది. ఏ ఊళ్లో ఉన్నానో నాకు నేనే గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. ఆ రెండు రోజులూ నాకు సగం నిద్రలో జరిగినట్టే జ్ఞాపకం.

జ్యూరీలో మొదటివారు సుభద్ర గారు. వరంగల్లులో తెలుగు ఆచార్యులుగా చేసి రిటైరయ్యారు. వాక్యం వంకర పోతే ఆవిడ కనుబొమ్మ కూడా వంకర పోయేది. రెండోవారు ఫణికుమార్ గారు, హనుమకొండలో ఫిజిక్స్ లెక్చరరు. విషయం ఏదైనా ఉత్సాహంగా నల్లబల్ల కోసం వెతుక్కునే మనిషి. మూడోవారు రాజమల్లు గారు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదో ఏట సూరత్ వచ్చి, ఉధ్నాలో ఒక కార్ఖానాలో మాస్టరుగా చేస్తున్నారు. మాస్టరంటే మగ్గాలు చెడితే బాగు చేసే మిస్త్రీ. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. పన్నెండు కథలకూ గోధుమరంగు అట్టలు వేసి, నంబర్లు స్కెచ్ పెన్నుతో రాసి తెచ్చారు. ఆ అట్టలు చూశాక నేను విరిచిన పెదవి నిశ్శబ్దంగా సర్దుకున్నాను.

ఆయన గట్టిగా మాట్లాడేవారు. సాంచాల దగ్గర పనిచేసేవాళ్లంతా అంతేనని నేను దాన్ని పట్టించుకోలేదు. మనం మాట్లాడేటప్పుడు కుడి చెంప మనవైపు తిప్పి వినేవారు. అది మర్యాద అనుకున్నాను.

మొదటి రోజు సుభద్ర గారు తొమ్మిదో నంబరు ఎంచుకున్నారు. నీళ్లలో మునిగిన నగరంలో ఇళ్లు తేలుతూ తిరుగుతుంటే, ఇరుగుపొరుగు అనే మాటకు అర్థం ఏమవుతుందన్నది ఆ కథ. చక్కని కథ, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఫణికుమార్ గారు పదిహేడో నంబరు ఎంచుకున్నారు.

పదిహేడు గురించి కొంచెం చెప్పాలి. చంద్రుడి మీద ఒక నేత కార్ఖానా. ఎండ నుంచి కాపాడే లోహపు వస్త్రం నేయడానికి భూమి నుంచి నేతగాళ్లను తీసుకుపోతారు. సాంచాలన్నీ గాలి లేని ఆరుబయట ఉంటాయి. అవి ఆడుతున్నా చప్పుడు ఉండదు. మల్లవ్వ అనే ముసలి నేతగత్తె అక్కడ పని చేయలేకపోతుంది. దారం తెగిందో లేదో ఆమెకు కంటితో కాదు, చెవితో తెలుసు. ఒకరోజు అలసిపోయి సాంచా ఫ్రేముకు తల ఆనిస్తుంది. హెల్మెట్ గుండా, ఎముకల గుండా సాంచా చప్పుడు ఒక్కసారిగా లోపలికొస్తుంది. చిన్నప్పుడు తమ మాస్టరు ఎవరూ చూడనప్పుడు బోల్టులు తిప్పే పానా ఒక కొసను సాంచాకు ఆనించి, రెండో కొసను పళ్ల మధ్య పట్టుకుని వినేవాడని అప్పుడు గుర్తొస్తుంది. ఆ రోజు నుంచి హెల్మెట్లలో విరామం గంట మోగగానే అందరూ తలలు సాంచాలకు ఆనించి నిలబడతారు. ఆ నల్లని ఆకాశం కింద, తెల్లని దుమ్ములో, వంగి నిలబడ్డ మనుషుల వరస. పైన భూమి నీలంగా వేలాడుతూ ఉంటుంది. ఆ పుట చదివినప్పుడు నేను హైదరాబాదులో లంచ్ డబ్బా ముందు కూర్చుని ఉన్నాను. అన్నం చల్లారిపోయింది.

సుభద్ర గారు ఆ కథకు నాలుగే వేశారు. ఆవిడకు భాష మీద అభ్యంతరం లేదు. ముగింపు తొందరగా చుట్టేశారని ఆవిడ వాదన. ఆ మాట అబద్ధం కాదు. ఫణికుమార్ గారు ఎనిమిది వేశారు. తొమ్మిదో నంబరుకు ఆవిడ ఎనిమిది, ఈయన ఏడు.

రాజమల్లు గారి పట్టిక చూస్తే పదకొండు కథలకు మార్కులున్నాయి. పదిహేడు ఎదురుగా గడి ఖాళీ. మొదటి ఎంపిక అడిగితే, “రేపటి దాంక ఆగుండ్రి మేడం” అన్నారు. ఆయన అభిప్రాయాల గడులు మాత్రం మా అందరికీ వినోదం. నాలుగో నంబరు కథలో ఒక నౌక దూరపు నక్షత్రానికి పోతూ మధ్యలో చెడిపోతుంది, నాయిక మీట నొక్కితే బాగవుతుంది. దానికి రెండు మార్కులు వేసి పక్కన ఇలా రాశారు: “ఈ కత రాసినోళ్లు ఎన్నడు చేతులు నల్లగ జేస్కోలే. మీట ఒత్తితే యంత్రం బాగైతదా?” ఫణికుమార్ గారు అది పైకి చదివి పగలబడి నవ్వారు. సుభద్ర గారు కూడా నవ్వారు. రాజమల్లు గారు తలవంచుకుని, నవ్వు మీసాల్లో దాచుకున్నారు.

సాయంత్రం ఖాళీ. పురస్కారం పెట్టినవాళ్లు కారు పంపితే నలుగురం డుమస్ వెళ్లాం. అక్కడ సముద్రపు ఇసుక నల్లగా ఉంటుంది. ఆటు సమయం కావడంతో నీళ్లు ఎక్కడో దూరంగా వెనక్కి పోయి, తడి ఇసుక మీద ఆకాశం పరుచుకుని ఉంది. వాన వెలిసింది. ఇంకా వెలుగుండగానే చంద్రుడు సగానికి పైగా పలచగా కనిపిస్తున్నాడు. బండి దగ్గర టమాటా భజియాలు కాగితంలో కట్టించుకుని, చేతులు కాలుతుంటే ఊదుకుంటూ నడిచాం. ఆ నల్ల ఇసుక, ఆ పలచని చంద్రుడు చూస్తుంటే మేమే ఆ కథలోకి నడుచుకుంటూ వచ్చామేమో అనిపించింది.

రాజమల్లు గారు చాలాసేపు చంద్రుణ్ణే చూసి, ఫణికుమార్ గారి కుడిపక్క నుంచి ఎడమపక్కకు మారి నిలబడ్డారు.

“సార్, అక్కడ నిజంగనే సప్పుడు ఉండదా?”

“గాలి లేదు కదన్నా. గాలి లేకుంటే మోసేదెవరు?”

“మరి తల ఆనిస్తె?”

“ఆనిస్తే తప్పకుండా వినిపిస్తది. ఇనుము మోస్తది, ఎముక మోస్తది. రాసినవాళ్లకు ఫిజిక్స్ బాగా తెలుసు.”

“ఫిజిక్స్ గాదు సార్” అన్నారు రాజమల్లు గారు. చేతిలోని భజియాలు తినకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన ముఖంలో అప్పుడు కనిపించింది సంతోషమో దిగులో నాకు తెలియలేదు. మరునాటికి తెలిసింది, రెండూ.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు నేను వెళ్లి కవర్ల పెట్టె బల్ల మీద పెట్టుకున్నాను. కింద సాంచాలు ఆడుతున్నాయి. ఎవరూ లేరు కదా అని స్టీలు స్కేలు ఒక కొసను బల్లకు ఆనించి, రెండో కొసను పళ్ల మధ్య పట్టుకున్నాను. నిన్నటి నుంచి చెవికి తెలియడం మానేసిన ఆ చప్పుడంతా ఒక్కసారిగా తలలోకి వచ్చింది. ఒక్కొక్క మగ్గం విడివిడిగా వినిపిస్తున్నట్టు, ఎవరో నా పుర్రె లోపల కూర్చుని నేస్తున్నట్టు ఉంది. కళ్లు మూసుకుని ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. మెట్ల మీద అడుగుల చప్పుడు విని స్కేలు చీర కొంగుతో తుడిచి పెట్టేశాను.

సమావేశం మొదలవగానే రాజమల్లు గారు లేచి నిలబడ్డారు. చేతులు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా గోడకేసి చూస్తూ చెప్పారు.

“పదిహేడుకు నేను లేస్తున్న మేడం. అది నా బిడ్డ రాసింది.”

ఎలా తెలుసని అడిగాను. కూతురు స్వప్న నోటు పుస్తకాల్లో ఏవో కథలు రాసుకుంటుందని ఆయనకు తెలుసు, ఎప్పుడూ చూపించదు. జ్యూరీ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. కథ పంపిన సంగతి ఆ పిల్ల చెప్పి ఉండదు. ఇవన్నీ అనుమానాలే కదా, రుజువేమిటని మళ్లీ అడిగాను.

“పానా” అన్నారు. “పండ్ల నడుమ పానా వట్టుకొని సాంచా ఇనేది నేను. నాకు ఎడమ చెవు పోయి శానేండ్లయింది మేడం. కుడి చెవు గూడ సగమే. చెవులు పోయిన మాస్టర్‌ను ఎవ్వలు పెట్టుకుంటరు? అందుకే ఎవ్వలు లేనప్పుడు పానా వెట్టి ఇంట. ఏ బేరింగు వోయిందో గట్లనే ఎరుకైతది. అది నాకు ఎవ్వలు నేర్పలే, నేనే కనిపెట్టుకున్న. సద్ది తెచ్చినప్పుడు నా బిడ్డ ఒక్కతే చూసింది. ఈ దునియల ఇంకెవ్వలు చూడలే.”

సరిగ్గా ఆయన మాట మధ్యలో కరెంటు పోయింది. కింద సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. గ్లాసులో నీళ్లు నిలిచిపోయాయి. మా ముగ్గురికీ ఆ నిశ్శబ్దం తెలిసింది, ఆయనకు మాత్రం తెలియలేదు. అదే గొంతుతో, సాంచాల మీదుగా వినిపించాల్సిన గొంతుతో, తన చెవుల సంగతి చెబుతూనే ఉన్నారు. ఫణికుమార్ గారు గబగబా వెళ్లి మెట్ల వైపు తలుపు, కిటికీ మూసి వచ్చారు. ఆ మనిషి తన కూతురికి రాబోయే బహుమతిని, తన ఉద్యోగాన్ని రెండింటినీ ఒకే మాటతో బల్ల మీద పెట్టాడు.

తరువాత ఆయన అడిగిన మాట ఇది. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

“మేడం, జర ఆ కవరు తీసి జూడుండ్రి. మాకు చెప్పకుండ్రి, మీరొక్కరే జూడుండ్రి. స్వప్న పేరుంటే నేను లేస్త. లేకుంటే కూసుంట.”

ఇప్పుడు ఆలోచిస్తే అంతకంటే సబబైన మాట ఆ గదిలో రెండు రోజుల్లో ఎవరూ అనలేదు. ఫణికుమార్ గారు వెంటనే అవునన్నారు. సుభద్ర గారు, విజయ గారి ఇష్టం అన్నారు. పెట్టె నా చేతికింద ఉంది. నేను పదకొండో నియమం చదివి వినిపించాను. సంతకాలు కాకముందు కవరు తెరవడం ఇన్నేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా జరగలేదని, ఇప్పుడు జరగదని చెప్పాను. కార్యదర్శి గారికి ఫోన్ చేసి అడుగుదామని ఫణికుమార్ గారు అన్నారు. అక్కర్లేదన్నాను. ఆ ‘అక్కర్లేదు’లో నియమం కంటే నా బిగువే ఎక్కువుందని నాకు అప్పుడే లీలగా తెలుసు. తెలిసినా వెనక్కి తీసుకోలేదు.

రాజమల్లు గారు వాదించలేదు. “మీ కానూను మీది మేడం” అని, అట్టలు వేసిన కథలన్నీ వరుసగా సర్ది, బయట మెట్ల మీద కూర్చున్నారు. వెళ్తూ, “నా చెవుల మాట కింద చెప్పకుండ్రి. నౌకరి పోతది” అని మాత్రం అన్నారు.

ఓట్లు చెరొకటి వచ్చాయి. మార్కులు కలిపాం. తొమ్మిదికి పదిహేను, పదిహేడుకు పన్నెండు. రాజమల్లు గారు కూర్చుని ఉంటే రెండు ఓట్లతో పదిహేడు గెలిచేది. ఫణికుమార్ గారు పట్టుబట్టడంతో దానికి ప్రత్యేక ప్రశంస ఇవ్వడానికి ఒప్పుకున్నాం. ఫలితాల పత్రం మీద సుభద్ర గారు, ఫణికుమార్ గారు, నేను సంతకాలు చేశాం. రాజమల్లు గారు లోపలికి వచ్చి, తాను లేచిన విషయం రాసి ఉన్న చోట వేరుగా సంతకం పెట్టారు.

అప్పుడు పెట్టె తెరిచాను. తొమ్మిదో నంబరు రాజమండ్రిలోని ఒక బ్యాంకు ఉద్యోగిది. పదిహేడో కవరు లక్క విరిచి కాగితం బయటికి తీశాను. చదివి, మళ్లీ పైకి చదివాను. కె. వరలక్ష్మి, అమ్రోలి, సూరత్. వృత్తి: దారం కండెలు చుట్టడం.

రాజమల్లు గారికి వినపడలేదేమో అని కాగితం చేతికిచ్చాను. ఆయన పేరు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివారు. “ఎవలీమె?” అన్నారు. ఈ పేరు గల మనిషి తనకు తెలియదు. అమ్రోలిలో తనకు చుట్టాలెవరూ లేరు. తపతి నది అవతలికి పోక ఏళ్లయింది.

మిగతా కవర్లు వరుసగా తెరవడం నా విధి. నాలుగో నంబరు కవరులోంచి వచ్చిన కాగితం మీద స్వప్న పేరు, పక్కన తండ్రి పేరు రాజమల్లు అని ఉన్నాయి. రెండు మార్కులు వేసింది, చేతులు ఎన్నడూ నల్లగా చేసుకోలేదన్నది ఈయనే. ఆయన చాలాసేపు ఆ కాగితం చూసి, చివరికి నవ్వారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. “మరి మీట ఒత్తితె బాగైతదా చెప్పుండ్రి” అన్నారు. సద్ది తెచ్చిన ఆ పిల్ల నాన్న పళ్ల మధ్య పానా చూసింది కానీ, దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆయన దాచుకున్నదాన్ని ఆమె కూడా దాచింది.

తరువాత ఆయన తన మార్కుల పట్టిక ఇమ్మని అడిగారు. ఖాళీ గడిలో స్కెచ్ పెన్నుతో పది అని వేశారు. “ఇది లెక్కల రాదని నాకెరుకే. కాయితం మీదనన్న ఉండనియ్యుండ్రి” అన్నారు. సంతకాలైన తరువాత పట్టికలు దిద్దరాదన్న నియమం కూడా ఉంది. ఆ నియమం నేను ఆ రోజు చదవలేదు. పట్టికను అలాగే ఫైల్లో పెట్టాను.

ప్రదానోత్సవం అదే కార్ఖానా పై అంతస్తు హాల్లో, చలికాలంలో జరిగింది. వరలక్ష్మి గారు ముదురు ఆకుపచ్చ చీరలో, ప్రశంసా పత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. నలభై ఏళ్లుంటాయి. ఊళ్లో పదో తరగతి దాకా చదివి, పెళ్లయ్యాక సూరత్ వచ్చారు. కండెలు చుట్టే యంత్రం ముందు రోజంతా కూర్చుంటే, చేతులు వాటి పని అవి చేసుకుంటాయని, మనసు ఎక్కడికైనా పోతుందని, ఒకరోజు అలాగే చంద్రుడి దాకా పోయిందని చెప్పారు. పానా సంగతి ఎలా తోచిందని అడిగాను. నేను అడగకుండా ఉండలేకపోయాను.

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “మా ఆయన గట్లనే ఇంటడు మేడం. మాస్టర్ పని చేస్తడు. చెవులు పోయినయి. ఎవ్వలకు ఎరుక గాదు, నాకొక్కదానికే ఎరుక. కతల గాబట్టి రాసిన. బయట చెప్పకుండ్రి, నౌకరి పోతది.”

అదే మాట. అచ్చం అదే మాట. హాలు మధ్యలో మూడో వరసలో రాజమల్లు గారు, ఆమె భర్త పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కుర్చీలు వేసినవాళ్లు యాదృచ్ఛికంగా అలా కూర్చోబెట్టారు. వేదిక మీద ఎవరో మాట్లాడుతుంటే ఇద్దరూ మంచి చెవిని అటు తిప్పి, అందరూ చప్పట్లు కొట్టినప్పుడు చూసి చప్పట్లు కొడుతున్నారు. సూరత్‌లో చెవులు పోయిన ప్రతి మాస్టరూ ఎవరూ లేనప్పుడు పానా పళ్ల మధ్య పెట్టుకుంటాడని, ప్రతివాడూ అది తానొక్కడే కనిపెట్టానని అనుకుంటాడని ఆ రోజు నాకు అర్థమైంది. దాచుకున్నందువల్ల ఎవరికీ రెండోవాడి సంగతి తెలియదు. రాజమల్లు గారి పొరపాటు అక్కడ పుట్టింది. ఆ పొరపాటు రెండు నిమిషాల్లో సరిదిద్దగల వీలు నా దగ్గర ఉంది. నేను సరిదిద్దలేదు. ఆ సంగతి వరలక్ష్మి గారితో చెప్పడానికి నియమం ఒప్పుకోదు. అప్పుడు చెప్పలేదు.

ఇప్పుడు రాజమల్లు గారు పని మానేశారు. వరలక్ష్మి గారి కుటుంబం జగిత్యాలలో సొంతంగా బట్టల కొట్టు పెట్టుకుంది. నేను రిటైరయ్యాక అందరినీ అడిగి, వాళ్లు సరేనన్నాకే ఇది రాస్తున్నాను. జరిగినదంతా ఫోన్లో చెబితే వరలక్ష్మి గారు, “ఆయన పది ఏసిండా?” అని మాత్రం అడిగారు. వేశారని చెప్పాను.

ఆ సమావేశం జరిగిన ఏడాది చివర నియమావళి సవరణకు నేను ఒక నోట్ పెట్టాను. సభ్యుడికి అనుమానం వస్తే, ఆ పేరు చీటీ మీద రాసి జ్యూరీ కార్యదర్శికి ఇవ్వాలి. కార్యదర్శి పక్క గదిలో కవరు తెరిచి, పేర్లు సరిచూసి, మళ్లీ సీలు చేసి వచ్చి, లేవమనో కూర్చోమనో ఒక్క మాట చెప్పాలి. పేరు తెలియకూడనిది తీర్పు చెప్పేవాళ్లకు. తీర్పు చెప్పని నాకు తెలిస్తే ఎవరికీ నష్టం లేదు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ల సర్వీసు, ఒక మంచి కథ ఖర్చయ్యాయి.

సవరణ అయిన రెండేళ్లకు మొదటి చీటీ నా చేతికి వచ్చింది. పక్క గదిలోకి వెళ్లి కవరు తెరిచాను, పేరు చూశాను, లక్క కరిగించి మళ్లీ సీలు వేశాను. తిరిగి వచ్చి ఆ సభ్యురాలితో, “కూర్చోండి” అన్నాను. గడియారం చూసుకున్నాను. లక్క ఆరడంతో కలిపి రెండు నిమిషాలు పట్టింది.